చినుకుకు దారిచ్చే బాట

పెద్ద వాన పడిందంటే నారాయణపేటలో కొత్త ఇళ్ల ముందు కనిపించేది ఒకటే దృశ్యం. వాకిలంతా సిమెంటు. పడిన నీరు పడినట్టే గేటు కింది నుంచి వీధిలోకి, వీధిలోంచి మోరీలోకి. ఎండాకాలం వచ్చేసరికి ఆ ఇంట్లోనే బోరు వట్టిపోతుంది. ట్యాంకరు కోసం ఎదురుచూపులు మొదలవుతాయి.

కాళ్లకు బురద అంటకూడదనే కదా సిమెంటు పోయించేది! ఆ పని కంకర కూడా చేస్తుంది. పైగా చినుకును వీధిలోకి తరిమేయదు, నేలలోకి దింపుతుంది.

చిన్న లెక్క చూస్తే సంగతి అర్థమవుతుంది. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడుతుంది. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. అంటే వంద చదరపు గజాల ఖాళీ స్థలంలో ఏడాదికి 50 వేల లీటర్లు! ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పది. కొంత ఆవిరైపోయినా, ఇంకినంత మేర లాభమే. ఈ ప్రాంతమంతా గట్టి రాతి నేల. నీరు నిలిచేది పైనున్న మొరం పొరలోనూ, దాని కింది రాతి పగుళ్లలోనూ మాత్రమే. ఆ పొర నిండాలంటే పైనుంచి దారి ఉండాలి.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. నాలుగు ట్రాక్టర్ల మొరం తెప్పించి పరిపించేస్తారు. దాంట్లో మట్టి ఎక్కువ. వానకు జారుతుంది, ఎండకు గట్టిపడి దుమ్ము లేస్తుంది. స్కాట్లండ్ ఇంజినీరు జాన్ లౌడన్ మెకాడం 19వ శతాబ్దం మొదట్లో పగలగొట్టిన చిన్న రాళ్లను పొరలుగా పరిచి రోడ్లు వేయించాడు. ఆయన పేరుతోనే మన ఇంజినీర్లు ఇప్పటికీ 'మెకాడం రోడ్డు' అంటారు. రోడ్డుకైతే రాళ్ల సందుల్లో మొరం నింపి, నీళ్లు చల్లి, రోలరుతో తొక్కిస్తారు. నీరు కిందికి దిగకూడదు కాబట్టి. ఇంటి బాటకు ఆ సందులే ప్రాణం. వాటిని పూడ్చకూడదు.

ముందుగా ఆరంగుళాల లోతున మట్టి తీసేయాలి. అడుగును దిమ్మిసతో గట్టిపరిచి, నీటిని వదిలే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవాలి. ప్లాస్టిక్ పట్టా వేస్తే నీరు ఇంకదు. దాని మీద నాలుగంగుళాలు 40 ఎంఎం కంకర, పైన రెండంగుళాలు 20 ఎంఎం కంకర. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉండే కారు దారికి మొత్తం వంద ఘనపుటడుగులు కావాలి. మొక్కల మధ్య నడిచే బాటకైతే నాలుగంగుళాల లోతు, పైన 12 ఎంఎం చిప్స్ సరిపోతాయి. గుండ్రటి గులకరాళ్లు చూడ్డానికి బాగుంటాయి గానీ చక్రం కింద దొర్లిపోతాయి. క్రషర్ కంకరకు అంచులుంటాయి కాబట్టి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రాళ్లు పక్కకు చెదిరిపోకుండా అంచుల వెంట షాబాదు బండల ముక్కలు నిలబెడితే చాలు.

నల్లరేగడి నేలైతే అడుగు పొర ఇంకాస్త మందంగా ఉండాలి. తడికి ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే ఆ మట్టి కంకరను మింగేస్తుంది. ఏ నేలైనా సరే, వాలు గోడ వైపు కాకుండా బయటికి ఉండాలి. పునాది పక్కన నీరు ఇంకకూడదు. బాగా ఏటవాలుగా ఉన్నచోట కంకర నిలవదు. అక్కడ బండలే మేలు.

ఇబ్బందులూ లేకపోలేదు. రాలిన ఆకులు ఊడవడం కష్టం. దంతెతో లాగాల్సిందే. అడపాదడపా గడ్డి పీకాలి. ఒకటి రెండేళ్లకోసారి పైన కాస్త కంకర చల్లాలి. కర్ర సాయంతో నడిచే పెద్దవాళ్లకు, చక్రాల కుర్చీకి ఇది అనువు కాదు. అందుకే గేటు నుంచి గడప దాకా మూడడుగుల వెడల్పున బండలు పరిచి, మిగతా చోట కంకర వేయిస్తే సరి. గడప ముందు నాలుగు బండలు ఎక్కువ వేయిస్తే కల్లాపికీ ముగ్గుకూ చోటుంటుంది. కంకర మీద ముగ్గు పడదు కదా!

ఇప్పటికే సిమెంటు పోయించినవాళ్లు మొత్తం తవ్వించనక్కర్లేదు. ప్రహరీ వెంట రెండడుగుల పట్టీ పగలగొట్టించి, కంకర నింపించి, వాకిలి వాలు అటు తిప్పించినా ఫలితం ఉంటుంది. వచ్చే వానకు గేటు దగ్గర నిలబడి చూస్తే తెలిసిపోతుంది, వీధిలోకి పోయే నీరు ఎంత తగ్గిందో.