కారు ఇంజను ఎంతసేపు వేడెక్కాలి?

ధనుర్మాసపు చలిలో మీ వీధిలో ఏ కారో పది నిమిషాలు కదలకుండా గుర్రుమంటూ నిలబడటం మీరు చూసే ఉంటారు. ఎందుకని అడిగితే "ఇంజను వేడెక్కాలి బాబూ" అంటారు. ఈ అలవాటు ఇప్పుడు అనవసరమని నా అభిప్రాయం.

అలాగని మన పెద్దలు తెలివితక్కువవారేమీ కారు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల రోజుల్లో పెట్రోలును గాలితో కలిపే పని కార్బురేటరుది. మండేది పెట్రోలు ఆవిరే గాని ద్రవం కాదు. చలిలో అది సరిగా ఆవిరి కాదు. అందుకే డ్రైవరు చోక్ లాగి, గాలి తగ్గించి, మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచేవాడు. వేడెక్కకముందే కదిలిస్తే బండి దగ్గి దగ్గి ఆగిపోయేది.

2000 ప్రాంతం నుంచి మన పెట్రోలు కార్లలో కార్బురేటరు పోయి ఇంజెక్టర్లు వచ్చాయి. ఇంజను ఉష్ణోగ్రతను కొలిచి, ఎంత పెట్రోలు చిమ్మాలో చిన్న కంప్యూటరే నిర్ణయిస్తుంది. మరి ఆయిలు మాటేమిటంటారా? చల్లబడితే దాని స్నిగ్ధత పెరిగే మాట నిజమే. అయినా మన 15 డిగ్రీల చలిలో పంపు దాన్ని కొన్ని సెకన్లలోనే అన్ని భాగాలకూ అందిస్తుంది. అరనిమిషం ఆగితే చాలు.

అసలు సంగతి వినండి. ఇంజను బాగా పనిచేయటానికి దాదాపు 90 డిగ్రీల వేడి కావాలి. నిలబడ్డ కారులో ఇంజను బరువు లాగదు కనుక తక్కువ ఇంధనం మండి, తక్కువ వేడి పుడుతుంది. నిదానంగా నడిపితేనే త్వరగా వేడెక్కుతుంది. గేర్ల ఆయిలు, బేరింగులు, టైర్లయితే బండి కదిలితే తప్ప వేడెక్కవు. పైగా చల్లని సిలిండరులో ఆవిరి కాని పెట్రోలు గోడల మీది ఆయిలు పొరను కడిగేస్తుంది. మేలు అనుకుని అరుగుదల పెంచుతున్నామన్నమాట! అయితే బయలుదేరగానే యాక్సిలరేటరు గట్టిగా తొక్కకూడదు. మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా పోవాలి.

పొగగొట్టంలో విషవాయువులను మార్చే కెటలిటిక్ కన్వర్టరు కూడా సుమారు 300 డిగ్రీలకు చేరితే గాని సరిగా పనిచేయదు. అందాకా వచ్చే పొగ బడికి నడిచివెళ్లే మీరు పీల్చవలసిందే. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డై ఆక్సైడు వస్తుంది. లీటరు పెట్రోలు బరువు కిలో కూడా ఉండదు కదా, మిగతా బరువు ఎక్కడిది? గాలిలోని ఆక్సిజనుదే!

సైబీరియా చలికి ఈ లెక్క సరిపోదు. ఇంకా కార్బురేటరుతో నడిచే పాత బండికి ఒకటి రెండు నిమిషాలు ఇవ్వవచ్చు. మూసిన షెడ్డులో మాత్రం ఏ బండినైనా ఒక్క నిమిషం కూడా నడవనివ్వకండి. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. ముందు బండిని బయటకు తీయించి, ఆ తరువాతే మీ నాన్నగారితో వాదన పెట్టుకోండి.