జానెడు డబ్బాలో పద్ధెనిమిది బారల తాడు

పిల్లలూ, బావి చేంతాడు మీరు చూసే ఉంటారు. వేలు లావున, 33 మీటర్ల పొడవున, అంటే సుమారు పద్ధెనిమిది బారలున్న తాడు ఒకటి ఉందనుకోండి. దాన్ని 27 సెంటీమీటర్ల పొడవు, 21 సెంటీమీటర్ల వెడల్పు గల డబ్బాలో పెట్టాలి. చుట్టలు చుట్టి, కాలితో తొక్కి ఎలాగో పట్టించవచ్చు నంటారా? అలా వీల్లేదు. డబ్బాకు మూత లేదు. ఒక కొసన చిన్న చిల్లు మాత్రం ఉంది. తాడు కొసను అందులోనుంచే దూర్చాలి. ఆ తాడైనా మెత్తనిది కాదు. పేము బెత్తంలాగా వంచితే మళ్ళీ నిటారుగా లేస్తుంది. పైగా లోపలికి పోయిన చుట్టలు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి!

ఇది మనవల్ల అయ్యే పని కాదు. కాని ఒక వైరసు తయారయ్యేటప్పుడు ఇదే పని అయిదున్నర నిమిషాలలో జరిగిపోతుంది.

మనకు జబ్బులు తెచ్చే బాక్టీరియాలకు కూడా శత్రువులున్నారు. బాక్టీరియాలో చొరబడి దాన్ని చంపే వైరసులను 1917లో పారిస్‌లో ఫెలిక్స్ డెరెల్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించి, వాటికి 'బాక్టీరియోఫేజ్' అని పేరు పెట్టాడు. బాక్టీరియాను తినేది అని దాని అర్థం. వాటిలో ఒకదాని పేరు ఫై-29. దాని తల 54 నానోమీటర్ల పొడవు, 42 నానోమీటర్ల వెడల్పు. (మిల్లీమీటరును పదిలక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు.) ఆ తలే మన డబ్బా. తాడు డి.ఎన్.ఏ.; అది 19,285 మెట్లున్న మెలితిరిగిన నిచ్చెన. డబ్బా పొడవుకు 120 రెట్లు ఉంటుంది.

బాక్టీరియా లోపల మొదట ఖాళీ డబ్బా తయారవుతుంది. దాని చిల్లు దగ్గర ప్రోటీన్లతో చేసిన యంత్రం ఒకటి అమరుతుంది. అది డి.ఎన్.ఏ.ను పట్టుకుని లోపలికి తోస్తుంది. దానికి ఇంధనం ఏ.టీ.పీ. అనే పదార్థం. మన కండరాలకు శక్తి నిచ్చేదీ అదే. రెండు, రెండున్నర మెట్లు లోపలికి పోయేసరికి ఒక ఏ.టీ.పీ. అణువు ఖర్చవుతుంది.

ఇంత చిన్న యంత్రం బలాన్ని కొలవటం ఎలా? 2001లో అమెరికాలో కార్లోస్ బుస్టమాంటె, డ్వైట్ ఆండర్సన్, వారి సహచరులు చక్కని ఉపాయం పన్నారు. తాడు కొసను ఒక సన్నని పూసకూ, డబ్బాను మరొక పూసకూ అంటించారు. ఒక పూసను లేజరు కాంతితో పట్టి ఉంచారు. కాంతి పూసను పట్టుకోవటం వింతే గాని నిజం. యంత్రం తాడు లాగుతున్నకొద్దీ పూసలు దగ్గరయ్యాయి. అప్పుడు పూసను వెనక్కు లాగి, యంత్రం ఎంతవరకు ఓర్చుకుంటుందో చూశారు. మన కండరాలలో లాగే ఒక్కొక్క ప్రోటీను అణువు బలానికి సుమారు పదిరెట్లు తేలింది! డబ్బా నిండేకొద్దీ యంత్రం నెమ్మదించింది కూడా. నిండాక లోపలి ఒత్తిడి, గాలి మనమీద మోపే ఒత్తిడికి 60 రెట్లని లెక్క కట్టారు. గోలీసోడా బుడ్డి దీనిముందు ఏపాటి?

ఆ ఒత్తిడి వృథా పోదు. వైరసు కొత్త బాక్టీరియా మీద వాలి చిల్లు పెట్టగానే, బిగించిన స్ప్రింగు వదిలినట్టు డి.ఎన్.ఏ. లోపలికి దూసుకుపోవటం మొదలవుతుంది.

టి-4 అనే ఫేజ్ యంత్రం ఇంకా చురుకైనది. వాషింగ్టన్‌లో పనిచేసే వెనిగళ్ల రావు (ఈ ఇంటిపేరు మన చెవికి కొత్త కాదు), సహచరులతో కలిసి 2007లో దాని వేగం కొలిచాడు. అది సెకనుకు 2,000 మెట్ల దాకా లాగగలదు.

మనుషులకు సోకే వైరసులు కొన్ని కూడా ఇలాగే డబ్బా నింపుకుంటాయి. సైటోమెగలో వైరసు అలాంటిది. ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవారికి దానివల్ల ప్రాణాపాయం. లెటర్మోవిర్ అనే మందును 2017లో అమెరికాలో ఆమోదించారు. అది సరిగ్గా ఈ యంత్రం మీదనే దెబ్బ కొడుతుంది. మన కణాలలో ఇలాటి యంత్రం లేదు గనుక వాటి పనికి అది అడ్డు రాదు. వైరసు డబ్బాలు తయారవుతూనే ఉంటాయి. తాడు మాత్రం లోపలికి సరిగా చేరదు.