కదలకుండా పడున్న మనిషికీ ఫిట్స్ వస్తాయి



మన నెల్లూరు సముద్రపు ఒడ్డున తలకి దెబ్బ తగిలే దారులు చాలా. కిక్కిరిసిన ఆటోలో రొయ్యల గుంటల పనికి పోతాం, హైవే దాటుతాం, తాటిచెట్టు ఎక్కుతాం. దెబ్బ తగిలాక కాళ్లూ చేతులూ కొట్టుకుంటే ఫిట్స్ అని పరిగెత్తుతాం. మరి కళ్లు తెరవకుండా, కదలకుండా పడి ఉంటే? ‘నిద్రపోతున్నాడులే’, ‘గాలి సోకింది’ అనుకుంటాం. ప్రమాదం ఇక్కడే ఉంది.

మెదడు సన్నటి కరెంటుతో పనిచేస్తుంది. దెబ్బకి నెత్తురు కారి వాపొస్తే ఆ కరెంటు అదుపు తప్పుతుంది. అదే ఫిట్స్. అది ఒంటిమీద కనబడాలనేం లేదు. న్యూయార్క్ డాక్టర్లు 2004లో బయటపెట్టిన లెక్క చూడండి. జబ్బు ముదిరిన 570 మంది మెదడు కరెంటును అదేపనిగా గమనిస్తే, 110 మందిలో ఫిట్స్ బయటపడ్డాయి. వాళ్లలో 101 మందికి పైకి కొట్టుకోవడమే లేదు.

సీటీ స్కాన్ నెత్తురు గడ్డని చూపిస్తుంది, కరెంటుని చూపించదు. దాన్ని పట్టేది ఈఈజీ. అరగంట పరీక్షలో దొరక్కపోవచ్చు. స్పృహ రాని మనిషికి ఒకటి రెండు రోజులు పెట్టి ఉంచాల్సి రావచ్చు.

పెద్ద దెబ్బైతే మొదటి 7 రోజులు ఫిట్స్ రాకుండా ఫెనిటాయిన్ గానీ లెవెటిరాసెటమ్ గానీ ఇస్తారు. ఫెనిటాయిన్ ఆ వారంలో పనిచేస్తుందని, తర్వాత వచ్చేవాటిని ఆపదని 1990లోనే తేలింది. ఫిట్స్ రాని మనిషి నెలల తరబడి ఎందుకు మింగాలో అడగండి. వచ్చిన మనిషి మాత్రం డాక్టర్ చెప్పకుండా మానొద్దు.

కాలనీలో ఎవరికైనా దెబ్బ తగిలి ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏమీ కుక్కొద్దు. తల, మెడ, ఒళ్లు కలిపి పక్కకి తిప్పండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే అది పెద్ద ఎమర్జెన్సీ.

రాకెట్ల కోసం మన యానాదోళ్లని శ్రీహరికోట నుంచి ఖాళీ చేయించారు. ఆకాశంలోకి పోయిన రాకెట్ సిగ్నల్‌ని ఆ దీవి మీద క్షణం విడవకుండా వింటారు. ఈ ఒడ్డున ఉన్న యానాది కూలీ మెదడు సిగ్నల్‌ని కూడా వినమనడం గొంతెమ్మ కోరిక కాదు. జిల్లా పెద్దాసుపత్రిలో రాత్రీ పగలూ ఈఈజీ అందాలి. ఆధార్ లేదన్న సాకుతో వైద్యం ఆగకూడదు.

అందాకా ఈ ఒక్క మాట నేర్చుకోండి, నలుగురికీ నేర్పండి: “సార్, మావాడికి ఇంకా స్పృహ రాలేదు. ఈఈజీ తీశారా?”