ఇంటి రూటర్‌ను ఎంతకాలం ఉంచాలి, ఎప్పుడు మార్చాలి?



ఇంటిలోని వైఫై రూటర్ ఎన్ని సంవత్సరాలు పనిచేస్తుంది, దానిని ఎప్పుడు మార్చాలి అని పలువురు మమ్మల్ని అడుగుతున్నారు. కితాబులు, తరగతి గది తప్ప మరొకటి ఎరుగని మావంటి వారికి ఈ విషయంతో పనేమిటని కొందరు అనుకోవచ్చు. అయితే నేడు గల్ఫ్‌లో ఉన్న కుమారుడు తల్లి ముఖం చూసేది ఈ చిన్న పెట్టె ద్వారానే. పిల్లల పాఠాలు, కరెంటు బిల్లు, బ్యాంకు లావాదేవీలు దీని గుండానే సాగుతున్నాయి. ఇంటి తలుపుకు ఎటువంటి తాళం ఉన్నదో తెలుసుకోవడం గృహస్థుని బాధ్యత అయినట్లే, దీని స్థితి తెలుసుకోవడం కూడా అతని బాధ్యతే.

ఈ ప్రశ్నకు రెండు తప్పు జవాబులు వాడుకలో ఉన్నాయి. ‘లైట్లు వెలుగుతున్నంతకాలం దానికేమి?’ అన్నది ఒకటి. ‘ఇంటర్నెట్ నెమ్మదించింది, కొత్తది కొనేద్దాం’ అన్నది రెండవది. మొదటిది నిర్లక్ష్యం, రెండవది దుబారా. నిజానికి రూటర్‌కు ఒక వయస్సు కాదు, మూడు వయస్సులుంటాయి: యంత్రపు వయస్సు, వేగపు వయస్సు, రక్షణ వయస్సు. మొదటి రెండూ మిగిలి ఉండగానే మూడవది తీరిపోవచ్చు. ఆ మూడవదే అసలైన గడువు.

ముందుగా యంత్రపు సంగతి చూద్దాం. రూటర్‌లో తిరిగే భాగాలేవీ దాదాపుగా ఉండవు కనుక అరుగుదల తక్కువ. దానికి ప్రధాన శత్రువు వేడి. లోపల కరెంటును నిలకడగా ఉంచే కెపాసిటర్లు వేడికి క్రమంగా ఎండిపోతాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుందన్నది ఎలక్ట్రానిక్స్ రంగంలో అందరూ ఎరిగిన లెక్క. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ప్రాంతాలలో రూటర్‌ను టీవీ వెనుక ఇరికించడం, అందం కోసం గుడ్డ కప్పడం, బీరువాలో మూసి ఉంచడం దాని ఆయుష్షును మనమే కోసివేయడం. గాలి తగిలే చోట, ఇంటి మధ్య భాగంలో, కొంచెం ఎత్తున ఉంచాలి.

రూటర్ మాటిమాటికీ ఆగిపోయి తిరిగి మొదలవుతుంటే పెట్టెను నిందించే ముందు అడాప్టర్‌ను పరీక్షించండి. చాలాసార్లు ముందుగా చెడిపోయేది అదే. కొత్త అడాప్టర్ కొనేటప్పుడు వోల్టు పాతదానితో సరిగ్గా సమానంగా ఉండాలి. పిన్ను కొలత, దాని ప్లస్ మైనస్ గుర్తులు కూడా కలవాలి. ఆంపియర్ సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండవచ్చు, తక్కువ ఉండరాదు. ఇంత చిన్న ఖర్చుతో తీరే లోపానికి రూటర్‌నే మార్చనవసరం లేదు.

ఇక వేగం. వైఫై పద్ధతులు కాలానుగుణంగా మారుతూ వచ్చాయి. నేడు వైఫై 4 అని పిలిచే పద్ధతి 2009లో ఖరారైంది, వైఫై 5 పద్ధతి 2013లో. వైఫై 6 పరికరాలకు 2019లోను, వైఫై 7 పరికరాలకు 2024లోను అధికారిక ధ్రువీకరణ మొదలైంది. దుకాణదారుడు కొత్త అంకె చూపినంత మాత్రాన పాతది పనికిరానిది కాదు. మనం నెలనెలా డబ్బు కట్టి తీసుకునే వేగం ఎంత, అది మన గదిలోకి చేరుతున్నదా లేదా అన్నదే చూడవలసింది.

దీనికి సులభమైన పరీక్ష ఉన్నది. రూటర్ నుండి కేబుల్‌ను నేరుగా కంప్యూటర్‌కు కలిపి వేగం చూడండి. అక్కడ కూడా తక్కువే వస్తే లోపం చాలావరకు లైనులో ఉంటుంది, కనెక్షన్ ఇచ్చినవారిని అడగాలి. కేబుల్‌లో సరిగా వచ్చి, అదే గదిలో వైఫైలో మాత్రం పడిపోతుంటే అప్పుడు రూటర్‌ను అనుమానించాలి. పక్క గదిలో మాత్రమే తగ్గితే అది గోడల ప్రభావం. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు వేగవంతమైనవే కానీ గోడలు దాటడంలో బలహీనమైనవి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు దూరం పోతాయి కానీ నెమ్మది. ఇంకొక విషయం. పాత చవక రూటర్లలో కేబుల్ రంధ్రాలు 100 ఎంబీపీఎస్‌కు మించి పంపలేవు. 200 ఎంబీపీఎస్ ప్లానుకు డబ్బు కడుతూ అటువంటి పెట్టెను వాడితే సగం సొమ్ము వృథాయే.

ఇప్పుడు అసలైన రక్షణ విషయానికి వద్దాం. రూటర్ ఒక చిన్న కంప్యూటర్. దాని ప్రోగ్రాములో లోపాలు కాలక్రమంలో బయటపడుతుంటాయి, తయారీదారులు వాటికి మరమ్మతుగా అప్‌డేట్‌లు పంపుతుంటారు. కొన్నేళ్ళ తర్వాత ఆ మోడల్‌కు అప్‌డేట్‌లు ఆపివేస్తారు. ఆ రోజున పెట్టె ఆగదు, లైటు ఆరదు, ఎవరూ మనకు కబురు చేయరు. కానీ తర్వాత బయటపడే ఏ లోపానికీ మరమ్మతు ఉండదు. తాళం చూడడానికి కొత్తగానే ఉన్నా, దాని నకలు చెవి దొంగల చేతికి చిక్కినట్లవుతుంది.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. 2018 మే నెలలో వీపీఎన్‌ఫిల్టర్ అనే హానికర ప్రోగ్రాము 54 దేశాలలో కనీసం 5 లక్షల పరికరాలలో చేరిందని సిస్కో సంస్థ పరిశోధకులు వెల్లడించారు. వాటిలో అత్యధికం ఇళ్ళలో, చిన్న కార్యాలయాలలో ఉండే రూటర్లే. 2025 మే నెలలో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, అప్‌డేట్‌లు ఆగిపోయిన పాత రూటర్లను నేరగాళ్ళు వశపరచుకుని, తమ నేరాలకు ముసుగుగా వాడుతున్నారని హెచ్చరించింది. అటువంటి వాటిని మార్చివేయమని సలహా ఇచ్చింది. అంటే ఎక్కడో ఎవరో చేసిన మోసపు జాడ ఏ పాపమూ ఎరుగని ఇంటి గుమ్మం దాకా రావచ్చు. బ్యాంకు పేజీ తెరవబోతే నకిలీ పేజీకి దారి మళ్ళించడం కూడా వశమైన రూటర్‌తో సాధ్యమే.

కనుక ఈ మాసంలో ఒక పని చేయండి. రూటర్‌ను తిరగేసి అడుగున ఉన్న మోడల్ పేరు, వెర్షన్ సంఖ్య రాసుకోండి. తయారీదారు వెబ్‌సైట్‌లో ఆ మోడల్‌కు చివరి అప్‌డేట్ ఏ తేదీన వచ్చిందో చూడండి. మద్దతు ముగిసిందని అక్కడ రాసి ఉంటే సందేహించక మార్చండి. రెండు మూడేళ్ళుగా అప్‌డేట్ లేకపోతే మార్చడానికి సిద్ధపడండి. వైఫై రక్షణ పద్ధతిగా డబ్ల్యూఈపీ గానీ మొదటి డబ్ల్యూపీఏ గానీ తప్ప మరొకటి లేని పెట్టె అయితే వెంటనే మార్చాలి. డబ్ల్యూఈపీని ఛేదించవచ్చని 2001లోనే తేలిపోయింది. కనీసం డబ్ల్యూపీఏ2 ఉండాలి, కొత్తగా కొనేవారు డబ్ల్యూపీఏ3 ఉన్నది చూసుకోవాలి.

ఫైబర్ కనెక్షన్ ఉన్న అనేక ఇళ్ళలో రూటర్ కనెక్షన్ ఇచ్చినవారిదే అయి ఉంటుంది. అప్‌డేట్‌లు కూడా సాధారణంగా వారే దూరం నుండి పంపుతారు. అలాంటప్పుడు సొంత డబ్బుతో కొనే ముందు, ఈ మోడల్‌కు ఇంకా అప్‌డేట్‌లు వస్తున్నాయా, లేకుంటే మార్చి ఇస్తారా అని వారినే అడగండి.

కొత్తది కొనేటప్పుడు యాంటెనాల సంఖ్య చూసి మురిసిపోవద్దు. ఎన్నేళ్ళు అప్‌డేట్‌లు ఇస్తారన్నదే మొదటి ప్రశ్న కావాలి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుండి అమలైన చట్టం ప్రకారం ఇటువంటి పరికరాలకు కనీసం ఎంతకాలం రక్షణ అప్‌డేట్‌లు ఇస్తారో తయారీదారు ముందే ప్రకటించాలి. మనం ఇక్కడ కొనేటప్పుడు కూడా ఆ మాట అడిగి తెలుసుకోవచ్చు. ఇంటికి తెచ్చిన తర్వాత దానితో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ను మార్చి, అప్‌డేట్‌లు వాటంతటవే వచ్చే ఏర్పాటును తెరచి ఉంచండి.

మార్చిన పాతదాని విషయంలో ఒక జాగ్రత్త. అప్‌డేట్‌లు ముగిసిన పెట్టెను బీద బంధువుకో, మక్తబ్‌కో ఇచ్చి పుణ్యం చేసుకున్నామని అనుకోకండి. మన ఇంటికి ప్రమాదమని తీసివేసినది వారి ఇంటికి మేలెలా అవుతుంది? రీసెట్ బొత్తాన్ని కొన్ని సెకన్లు నొక్కిపట్టి మన వివరాలు చెరిపివేసి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలను సేకరించే అధీకృత కేంద్రానికి ఇవ్వండి. ఈ వ్యర్థాలపై 2022 నాటి నియమాలు 2023 ఏప్రిల్ 1 నుండి మన దేశమంతటా అమలులో ఉన్నాయి. అప్‌డేట్‌లు ఇంకా వస్తూ, కేవలం వేగం చాలక తీసివేసినదైతే నిస్సంకోచంగా ఇవ్వవచ్చు. దాదీ ఒక్కరే ఉండే ఇంట్లో వీడియో కాల్‌కు అది చక్కగా సరిపోతుంది.

కొత్త రూటర్ బిగించిన రోజునే కొన్న తేదీని, అప్‌డేట్‌లు ముగిసే సంవత్సరాన్ని చిన్న కాగితంపై రాసి దాని అడుగున అంటించండి. మళ్ళీ ఎప్పుడు మార్చాలో అప్పుడు ఎవరినీ అడగనవసరం ఉండదు.