మనోరోగి మొర వినేదెవరు?

ఆసుపత్రిలో కొట్టారని మనోరోగి చెబితే ‘పిచ్చివాని మాటలు’ అని ఇంటివారే కొట్టిపారేయడం మన చాపాడు పల్లెల్లోనూ ఉన్నదే. కాలు విరిగినవాడు చెబితే మాత్రం నమ్ముతాం!

తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేచినపుడు, గొలుసులతో కట్టి ఉన్నందున తప్పించుకోలేక 28 మంది మనోరోగులు ఆహుతయ్యారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. రోగికి ఫిర్యాదు హక్కునూ ఇచ్చింది. ముందు ఆసుపత్రి పెద్ద డాక్టరుకు, తృప్తి కలగకుంటే సమీక్షా బోర్డుకు, ఆపై రాష్ట్ర ప్రాధికార సంస్థకు చెప్పుకోవచ్చు.

కాని రాత్రికి అదే వార్డులో పడుకోవలసిన రోగి ఆ డాక్టరుకే ఎలా చెబుతాడు? ఫిర్యాదు రాసిపెట్టి రసీదు ఇచ్చే మనిషి బయటివాడై ఉండాలి. ఉచిత న్యాయసహాయం రోగి హక్కని ఆ చట్టమే చెబుతోంది. బోర్డు చిరునామాను ప్రతి వార్డు గోడ మీద తెలుగులో రాయించే పని అధికారులు వెంటనే చేపట్టాలి.