మన ముందుగది: సోఫా కథ

ఈ నెల సోఫా సంగతి చెప్పుకుందాం. ఈ మాటకు పుట్టిల్లు మనం కాపురముంటున్న అరబ్బు నేలే. 'సుఫ్ఫా' అంటే అరుగు. మదీనాలో ప్రవక్త మసీదును ఆనుకుని పేద అనుచరులు తలదాచుకున్న చోటుకూ అదే పేరు. ఆ అరుగు మాటే యూరపు చేరి, మెత్తలు వేసుకుని, మళ్ళీ మన ముందుగదుల్లోకి వచ్చింది.

1800 తరువాత అమెరికాలో పాత గ్రీకు, రోము తీరు సామానుపై మోజు పెరిగింది. న్యూయార్కులో డంకన్ ఫైఫ్ అనే వడ్రంగి మహాగని కర్రతో పనిచేసి పేరు తెచ్చుకున్నాడు. స్కాట్లండు నుంచి వలస వచ్చినవాడు, 1854లో పోయాడు. చుట్టలా తిరిగిన చేతులు, కత్తిలా వంగిన కాళ్ళు ఆ కాలపు కౌచీల గుర్తు. ఫైఫ్ సామాను కొన్నిటి మీద ఆయన కొట్టు చీటీ నేటికీ ఉంది.

మన విశాఖపట్నం పనివారిదీ తక్కువ పనితనం కాదు. 18వ శతాబ్దంలో ఇంగ్లీషు నమూనాల కుర్చీలకు, పెట్టెలకు దంతపు రేకులు తాపి, సన్నని గీతలు చెక్కి, నల్ల లక్క నింపారు. అటువంటి కుర్చీలను 1781లో మూడవ జార్జి రాజు షార్లెట్ రాణి కోసం కొన్నాడు. కొన్నవారి పేర్లు చరిత్రకెక్కాయి. చేసినవారి పేర్లు దాదాపు మిగల్లేదు.

దంతం వ్యాపారం నేడు నిషేధం. ఏనుగుల కోసం అదే న్యాయం. కాని ఏటికొప్పాకలో లక్క పని, నిర్మల్‌లో రంగుల పని నడుస్తూనే ఉన్నాయి. సెలవులకు వెళ్ళినప్పుడు ఏదైనా కొంటే, చేసినవారి పేరడిగి, అడుగున రాసి ఉంచుదాం. మన పిల్లలకు ఆ చీటీ అయినా మిగులుతుంది.