కాబట్టి అనే గడియ

ఎర్గో అనే మాట మనలో చాలామందికి ఇన్సూరెన్స్ మెసేజ్‌ల పుణ్యమా అని తెలుసు. అదొక జర్మనీ కంపెనీ పేరు. ఆ కంపెనీ సంగతి పక్కన పెడితే, అవే అక్షరాలు లాటిన్ భాషలో ఓ చిన్న మామూలు మాట. అర్థం "కాబట్టి". అంతకన్నా ఏం లేదు. మనం రోజుకు యాభైసార్లు అనే "అందుకే", మా గొల్లపల్లిలో అనే "గందుకే", అదే అది. కాకపోతే యూరప్‌లో పండితులు వందల ఏళ్లు లాటిన్‌లో వాదించుకున్నారు కనుక, ఆ చిన్న మాటకు పెద్ద తలపాగా వచ్చింది. వాదన ముగించేటప్పుడు ఎర్గో అంటే ఇక ఎదుటివాడు నోరు మూసుకోవాలన్నమాట.

దాన్ని బాగా పేరుకు తెచ్చినవాడు డెకార్ట్ అనే ఫ్రాన్స్ తత్వవేత్త. "నేను ఆలోచిస్తున్నాను, కాబట్టి నేను ఉన్నాను" అన్నాడు. 1637లో ఆ మాట ఫ్రెంచిలో రాశాడు, 1644లో లాటిన్‌లో రాసినప్పుడు మధ్యలో ఎర్గో వచ్చి కూర్చుంది. అప్పటినుంచి ఆ వాక్యాన్ని తిరగేసి మరగేసి ఆడుకోనివాళ్లు లేరు. 1987లో బార్బరా క్రూగర్ అనే అమెరికా చిత్రకారిణి "నేను షాపింగ్ చేస్తాను, కాబట్టి ఉన్నాను" అని పెద్ద అక్షరాలతో బొమ్మ వేసింది. దసరా ముందు జగిత్యాల బట్టల దుకాణాలకు వెళ్తే ఆమె చెప్పింది నిజమే అనిపిస్తుంది.

ఈ డెకార్ట్ ముచ్చట ఒకరోజు మా అత్తమ్మకు చెప్పాను. ఆమె చేతిలో చాట, ఒళ్లో తునికాకు. "ఎర్గో" అనగానే ఆమెకు వినిపించింది వేరు. "ఎర్గనా? ఏమెర్గడు గాయిన?" అంది. మనకు ఎరుగు అంటే తెలుసుకోవడం, ఎరుగ అంటే తెలియదు. లాటిన్‌వాడు తేల్చి చెప్పే మాట మా ఇంట్లో "నాకు తెలువదు" అయి కూర్చుంది. నాకు మాత్రం అత్తమ్మ అర్థమే ఎక్కువ నచ్చింది. "కాబట్టి" అని గట్టిగా అనేవాళ్లను కొంచెం గీకి చూస్తే లోపల చాలాసార్లు ఉండేది "ఎరుగ" మాత్రమే.

షేక్‌స్పియర్‌కు కూడా ఈ సంగతి తెలుసు. 1600 ప్రాంతంలో రాసిన హామ్లెట్ నాటకం చివరి అంకంలో గోతులు తవ్వే ఇద్దరు మాట్లాడుకుంటుంటారు. ఒఫీలియా అనే పిల్ల నీళ్లలో మునిగి చనిపోయింది. తనంతట తాను చచ్చిందా, ప్రమాదమా, మతాచారం ప్రకారం పూడ్చవచ్చా లేదా అని చర్చ. అందులో ఒకడు పండితుల్లా ఎర్గో అనబోయి నోరు తిరగక "ఆర్గల్" అంటాడు. మనిషి నీళ్ల దగ్గరికి పోతే ఒక లెక్క, నీళ్లే మనిషి దగ్గరికి వస్తే ఇంకో లెక్క, ఆర్గల్, అని తీర్పు చెప్పేస్తాడు. చూసేవాళ్లు పడీ పడీ నవ్వుతారు. ఆ తర్వాత ఇంగ్లిషు నిఘంటువుల్లో ఆర్గల్ అంటే అడ్డదిడ్డమైన వాదన అని అర్థం కూడా చేరింది.

నేను నవ్వలేకపోయాను. చచ్చిపోయిన ఆడపిల్ల గురించి, ఆమె ఎందుకు నీళ్లదాకా పోయిందో ఒక్క మాట అనుకోకుండా, ఆర్గల్ ఆర్గల్ అని తేల్చేవాళ్లను మనం నాటకంలోనే చూడాలా? ఏ ఊరి బావి దగ్గరైనా నిలబడితే చాలు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఆర్గల్ అనగానే మనకు గుర్తొచ్చేది అర్గళం. నవరాత్రుల్లో అర్గళా స్తోత్రం చదివేవాళ్లకు తెలుసు, అర్గళం అంటే తలుపు గడియ. అడ్డు లేకుండా గడగడా మాట్లాడితే అనర్గళం అంటాం, అంటే గడియ లేనిదని. ఆ ఇంగ్లిషు గోతులవాడి మాటకూ మన సంస్కృతం మాటకూ చుట్టరికం ఏమీ లేదు, వట్టి శబ్దం కలిసింది. కానీ కలిసింది కలిసినట్టు ఎంత బాగా కలిసిందో చూడండి. "కాబట్టి" అనేది మాట మీద వేసే గడియే. అది పడ్డాక లోపలున్నవాళ్లు తలుపు కొట్టుకోవాల్సిందే.

పెద్ద మాట చూపించి నోరు మూయించడం మనకూ కొత్త కాదు. తెనాలి రామకృష్ణుడి తిలకాష్ఠ మహిషబంధనం కథ చిన్నప్పుడు అందరం విన్నాం. నువ్వుల కట్టెలను బర్రె పలుపుతో కట్టి, దానికి సంస్కృతం పేరు పెడితే, వాదానికి వచ్చిన మహాపండితుడు అదేదో తనకు తెలియని గ్రంథం అనుకుని రాత్రికి రాత్రే పారిపోయాడు. మన ఇళ్లల్లో "శాస్త్రం ఒప్పుకోదు", "లోకం ఏమంటది", "సంప్రదాయం" అనే మూటలు విప్పి చూస్తే చాలాసార్లు లోపల ఉండేవి నువ్వుల కట్టెలే.

అలాగని తర్కమే చెడ్డదంటే నేను ఒప్పుకోను. తర్కం పుట్టిల్లు వంటిల్లు. ఇది నా మాట కాదు. సంస్కృతంలో తర్కం మొదలుపెట్టే పిల్లలకు ఇప్పటికీ మొదట చేతికిచ్చేది 17వ శతాబ్దపు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం. ఆయన మన తెలుగువాడేనని చెప్తారు. అందులో అందరికీ తెలిసిన ఉదాహరణ కొండ, పొగ, నిప్పు. కొండ మీద నిప్పుంది. ఎందుకు? పొగ కనిపిస్తోంది. ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది. కాబట్టి నిప్పుంది. ఈ ఐదు మెట్లకు ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని పేర్లు. ఆ చివరి మెట్టులో వచ్చే "తస్మాత్" అనే మాటే మన ఎర్గో. పేపర్లలో "తస్మాత్ జాగ్రత్త" అని చదివి తస్మాత్ అంటే "బహు" అనో "బాగా" అనో అనుకుంటారు చాలామంది. దాని అర్థం "కాబట్టి" మాత్రమే.

నాకు ముచ్చటేసింది మూడో మెట్టు. లాటిన్ పద్ధతిలో రెండు మాటలు చెప్పి ఎర్గో అనేయవచ్చు. మనవాళ్లు అట్లా వదల్లేదు. నువ్వు కళ్లారా ఎక్కడ చూశావో చెప్పు అన్నారు. చూసిన చోటు వంటిల్లు. అక్కడ పొద్దస్తమానం కళ్లు మండించుకుంటూ ఆ పొగనూ నిప్పునూ కలిపి చూసింది ఎవరు? పేరు లేదనుకోండి, అది వేరే సంగతి.

వాళ్లే ఇంకో జాగ్రత్త కూడా చెప్పారు. పొగ ఉంటే నిప్పుంటుంది సరే, దాన్ని తిరగేసి నిప్పుంది కాబట్టి పొగ ఉంది అంటే చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె ఉండాలి. ఆ దాగి ఉన్న షరతును ఉపాధి అంటారు. మనకు ఇనుప గుండు దాకా పోవాల్సిన పని లేదు. 1999లో దీపం పథకం కింద గ్యాస్ పొయ్యిలు వచ్చిన ఇళ్లల్లో ఆడవాళ్లకు ఒక్క పూటలో అర్థమైంది. నిప్పుంది, పొగ లేదు.

ఈ తడి కట్టె మాట నాకు చాలా పనికొచ్చింది. మా వైపు గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వాడ ఉండదు. "మొగడు దుబాయిల ఉన్నడు, కాబట్టి దానికేం తక్కువ" అనే మాట వినని దుబాయి భార్యా ఉండదు. మా వాడకట్టులో ఒకామెకు పిల్లగాడి ఫీజు కట్టడానికి చేబదులు కావాల్సి వచ్చి నలుగురినీ అడిగింది. నలుగురూ నవ్వారు. "నీకెందుకే, దిర్హాములు వస్తయి గదా" అన్నారు. దుబాయిలో ఉంటే పైసలుంటాయి అనే వ్యాప్తికి తడి కట్టె ఏమిటి? ఏజెంటుకు ఇచ్చిన అప్పు తీరి ఉండాలి. కంపెనీ నెలనెలా జీతం ఇవ్వాలి. అక్కడాయన పాణం బాగుండాలి. ఈ మూడూ అడగకుండా నవ్వినవాళ్లలో ఇద్దరి మొగుళ్లు కూడా అక్కడే ఉన్నారు. వాళ్లకు తెలియదా? తెలుసు. తెలిసీ గడియ వేశారు, తలుపు తీస్తే చేబదులు ఇయ్యాలి కదా.

ఇక మన మీద వేసే గడియ సంగతి. "ఇంట్లనే ఉంటవు కాబట్టి ఖాళీనే." బీడీలు చేసే మా అత్తమ్మకైనా వెయ్యికి ఇంత అని లెక్క ఉంది, అయినా ఆమెనూ "కూసోని చేసుడే గదా" అంటారు. వంట, బాసండ్లు, బట్టలు, పిల్లలు, ముసలివాళ్లు, వీటికి ఆ లెక్కా లేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు గడుపుతున్నారో సర్వే చేయించింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అంటే మనకు దగ్గరదగ్గర ఐదు గంటలు. జనాభా లెక్కల్లో మాత్రం ఇంటిపని ఒక్కటే చేసే ఆడమనిషి పనిచేయనివాళ్ల కిందికే వస్తుంది.

ఇది వట్టి మాటల గొడవ కాదు. 2021 జనవరి 5న సుప్రీంకోర్టు ఒక కేసు తేల్చింది. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో భార్యాభర్తలిద్దరూ చనిపోయారు, మిగిలింది పసిపిల్లలు, ముసలివాళ్లు. పరిహారం ఎంత అనేది ప్రశ్న. భర్తది ఉద్యోగం, ఆమె గృహిణి. ఆదాయం లేదు, కాబట్టి లెక్కకట్టేదేమీ లేదు అనే పాత వాదానికి జవాబుగా, కృష్ణా జిల్లాలో పుట్టిన మన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా ఒక తీర్పు రాశారు. ఆ 299, 97 అంకెలనే అందులో ఎత్తి చూపారు. గృహిణులు పనిచేయరు, ఇంటి సంపాదనకు ఏమీ కలపరు అనే ఆలోచనే తప్పు, దాన్ని దాటి రావాలి అన్నారు. ఆమె చేసే పనికి ఒక ఆదాయం ఊహించి లెక్కకట్టాల్సిందే అన్నారు. మనం బతికుండగా ఈ లెక్క ఎవరూ వేయరు, చనిపోయాక కోర్టులో వేస్తారు అని మా చెల్లె అంది. దానికి నోరెక్కువ, కానీ ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న వాదం ఇంకోటి. మా బిడ్డ ఇంటర్ అయిపోయింది. హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతానంటోంది. మా ఆయన తరఫు పెద్దమనిషి ఒకరు వచ్చి, చాయ్ తాగి, "ఆడపిల్ల, కాబట్టి జగిత్యాలలనే చదివియ్యుండ్రి" అన్నారు. ఆయన మీద నాకు గౌరవమే. జగిత్యాలలో చదివితే తక్కువని కూడా కాదు. నా పేచీ అంతా మధ్యలో ఉన్న ఆ చిన్న మాటతోనే. ఆడపిల్ల అన్నది హేతువు, దగ్గరలో చదవాలి అన్నది నిగమనం. ఉదాహరణ ఏది? తడి కట్టె ఏది? భయం అంటే హాస్టల్ గురించి మాట్లాడుకుందాం. ఖర్చు అంటే పైసల గురించి మాట్లాడుకుందాం. పెళ్లి అంటే అదే అనండి. మూడింటినీ "ఆడపిల్ల" అనే ఒక్క మూటలో కట్టి గడియ వేస్తే నేను దేనికి జవాబు చెప్పాలి?

అదే మాట అడిగాను, మెల్లగానే. "మావా, ఆడపిల్ల అయితే ఏమైతదని మీ భయం, గది చెప్పుండ్రి" అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, హాస్టల్‌లో తిండి మంచిగుండదేమో, పిల్ల సన్నగుంది అన్నారు. మా అత్తమ్మ చాట కింద పెట్టి నవ్వింది. "తిండి బాధైతే తొక్కులు పెట్టి పంపుదం" అంది.

మా ఆయన ఇంకా అటూ ఇటూ ఊగుతున్నారు. ఆయన అడిగేది ఖర్చు గురించి. ఆ లెక్క మాత్రం నిజంగా గట్టిదే, నేనూ కాగితం మీద వేస్తున్నాను. బిడ్డ దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టడం మొదలుపెట్టింది. మొదటిది హైదరాబాద్ కాలేజీ, రెండోది జగిత్యాల.